చూరుకింద తెల్లగుడ్డలు

జిగురు కంపు కొడుతోంది. ఏ పశువు తోలు ఉడకబెట్టి చేస్తారో గాని, కుంపటి మీద పిడతలో అది కరిగినప్పుడల్లా ఈ మేడమీది గదిలో చచ్చిన ఎద్దు వచ్చి పడుకున్నట్టే ఉంటుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ పీలుస్తున్న కంపే. ఇవాళ మాత్రం బొమ్మలేసే తోకుజో మొహం పక్కకి తిప్పుకున్నాడు. సిందూరంలో ఆ జిగురు చుక్క వేసి వేలితో నూరుతుంటే ఎరుపు వేలిసందుల్లోకి పాకింది. ఛీ, ఎంత బాగుందో దరిద్రపు రంగు! మొన్న తెల్లవారుజామున కాలవ అవతల ఆకాశం సరిగ్గా ఇలాగే ఉంది. కింద మాన్కిచి టీ జుర్రుతున్నాడు. ఆ జుర్రుడు మెట్లెక్కి మరీ వినిపిస్తోంది. వీధి పటాలు అచ్చువేయించి, మొహం మీదికి గడ్డిటోపీ లాక్కున్న మనుషుల చేత అమ్మించే వ్యాపారి. ఎక్కడ ఏది కాలినా, ఎవడు చచ్చినా, బూడిద చల్లారక ముందే వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తాడు.

"కానివ్వండి గురువుగారూ! మధ్యాహ్నం గంట కొట్టేసరికి బొమ్మ నా చేతిలో ఉండాలి. చెక్కేవాళ్ళు నలుగురూ ఉలులు నూరుకుని కూర్చున్నారు. పలక నాలుగు ముక్కలు చేసి తలో ముక్కా చెక్కిస్తే సాయంత్రానికి వీధిలో అమ్ముకోవచ్చు. ఎరుపు మాత్రం దట్టించండి, మీ ఎడో ఊరి జనం ఎరుపు చూసే కొంటారు!"

దట్టిస్తాను, ఎందుకు దట్టించను, అదేగా నా బతుకు. మంటలూ కొట్లాటలూ ఈ ఊరి పూలు అంటారు. పూలట! మొన్న వంతెన మీద ఎంత జనం, ఒకడి భుజాల మీద ఒకడు, చలికి దుప్పట్లు కప్పుకుని, వేయించిన బీన్సు నములుతూ, "అదిగో, అటు అంటుకుంది, అబ్బ!" అని. పక్కనే ఒక ముసలమ్మ కాలిన చాపని గుండెకి హత్తుకుని నిలబడి ఉంటే, ఒకడు, "అవ్వా, కాస్త పక్కకి జరుగు, కనపడటం లేదు" అన్నాడు. వాడి నోట్లో బీన్సు నలిగిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగిన బాపతు ఊరంతా. మరి నువ్వో? నువ్వేం చేశావురా తోకుజో అక్కడ? నువ్వూ చూశావు. పొగ అడుగున ఊదా, పైన ఇటుకరంగు, కాలవ నీళ్ళలో పడ్డ వెలుగు ముక్కలు ముక్కలుగా... రేపు వేయాల్సి వస్తే నీళ్ళని ఎలా గీయాలో ఆలోచించావు. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే ముక్కులోంచి మసి వచ్చింది, రెండు రోజులుగా ఇంకా వస్తూనే ఉంది. ఒనామి ముల్లంగి ఆకుల పులుసు పెడితే అందులోనూ ఆ కాలిన కలప వాసనే. పులుసులో టోఫు లేదు. ఎలా ఉంటుంది? రోజూ పొద్దున్నే చన్నీళ్ళ తొట్టిలోంచి తెల్లటి ముక్క తీసి ఆకులో పెట్టిచ్చే ఒషిగే వాడ కచేరీలో తాళం వెనక ఉంటే.

ఒషిగే. చేతులు ఎప్పుడూ నాని తెల్లగా ముడతలు పడి, మనిషి మాత్రం కర్రలా గట్టిగా. మొగుడు పోయినా తిరగలి ఆపలేదు. సోయా గింజలు నానబెట్టడం, రుబ్బడం, వడకట్టడం, విరగ్గొట్టడం, అన్నీ తనే. "అన్నగారూ, మీ ఆవిడ నిన్న చిన్న ముక్క తీసుకెళ్ళింది, ఇవాళ కొంచెం పెద్దది వేస్తున్నా, ఆవిడతో అనకండి, మళ్ళీ మొహమాటపడుతుంది" అనే మనిషి. ఆమె పొయ్యిలోనే నిప్పు పుట్టిందట. ఇసెమోన్ అన్నాడు. కలప వర్తకుడు ఇసెమోన్ అన్నాక ఇంకెవరు ఏమంటారు? కాలవ వెంట వీధి ఉత్తరపు కొసన అతని కలప అడితి, దాన్ని ఆనుకుని ఒషిగే దుకాణం, తర్వాత గొడుగులవాడి ఇల్లు, ఆ తర్వాత వంతెన. అడితిలో కూలీలు రాత్రంతా చెక్కపేళ్ళు కాల్చి చలి కాచుకుంటారని పిల్లిని అడిగినా చెబుతుంది. మొన్న ఉత్తరపు గాలి నోట్లో దుమ్ము కొట్టింది. అయినా నిప్పు ఒషిగే పొయ్యిలో పుట్టి, గాలికి ఎదురీది, అడితిలోకి నడిచి వెళ్ళిందట. దొంగే ముందు దొంగా దొంగా అని అరిస్తే ఇలాగే ఉంటుంది. ఇప్పుడు ఇళ్ళు కాలినవాళ్ళకి గంజి పోయిస్తున్నాడు, గంజి డేగిసా మీద తన దుకాణం గుర్తు కొట్టించి. పటంలో ఒక మూల ఆ డేగిసా కూడా వెయ్యమని కబురు. గంజి తాగుతున్నవాళ్ళ మొహాల్లో కృతజ్ఞత కనపడాలట. థూ.

రేపు పొద్దున వాడ పెద్దలు కూర్చుంటారు. నిప్పు పుట్టిన ఇల్లు ఫలానాది అని ఒకసారి తేల్చారంటే ఆ ఇంటివాళ్ళకి ఈ ఊళ్ళో నీళ్ళు పుట్టవు. అద్దెకి గది ఇవ్వరు, చేతి వస్తువు కొనరు, కాలిపోయిన ప్రతి ఇంటివాడూ దారిలో ఉమ్మి పోతాడు. ఆమెని పొలిమేర దాటిస్తారు, ఈ చలిలో. తోకుజో ఊరుకోలేదు, వాడ పెద్ద దగ్గరికి వెళ్ళాడు. వాడ పెద్ద కాళ్ళు కుంపటి దగ్గర పెట్టుకుని, పంటి సందులు కుట్టుకుంటూ విన్నాడు. మంటలార్పే రికిచి జెండా పట్టుకుని ఒషిగే ఇంటి కప్పు మీదే నిలబడ్డాడండీ, నేను వంతెన మీంచి చూశాను, అని చెప్పాడు. అంతే చెప్పాడు. ఆ ఒక్క మాట చాలు, ఎడోలో పుట్టిన పసివాడికైనా తెలుసు. మంటలార్పే గుంపు వచ్చాక, జెండా పట్టేవాడు ఇంకా అంటుకోని ఇంటి మీదికి ఎక్కుతాడు. ఇక్కడిదాకానే, ఇక ముందుకి రానివ్వం అని. నిప్పు పుట్టిన ఇంటి మీదికి జెండా ఎక్కదు.

"ఖచ్చితంగా ఒషిగే కప్పేనా?" అన్నాడు వాడ పెద్ద. "రికిచి గుంపువాళ్ళే చెబుతున్నారు, గొడుగులవాడి కప్పు మీద అని. పక్కపక్కనే రెండూ ఒకేలాంటి చెక్క కప్పులు, మధ్యలో అంత పొగ. ఒట్టేసి చెప్పగలవా?"

నోరు తెరిచాడు. పొగ. కప్పు, ఇంకో కప్పు. ఆ ఒక్క క్షణం చాలు వాడ పెద్దకి.

"పోనీలేవయ్యా. బొమ్మలేసేవాడివి, లేనివి కూడా కనపడతాయి నీకు. అదేగా నీ కూడు! నిప్పు లేనిదే పొగ రాదు, ఆవిడ పొద్దస్తమానం పొయ్యి ముందే ఉండే మనిషి. వెళ్ళు, వెళ్ళి చక్కగా బొమ్మ వేసుకో."

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వుల్లో రికిచి గుంపువాళ్ళ నవ్వు కూడా ఉంది, ఒంటి మీద ఇసెమోన్ కుట్టించిన కొత్త కోట్లు, నోట్లో ఇసెమోన్ పోయించిన సారా వాసన. వాళ్ళ రికిచి బూడిదలోంచి దొరికి పూర్తిగా ఒక్కరోజు కాలేదు. జెండాకర్ర పైనున్న తెల్ల గుండు మాత్రం దొరికింది, చుట్టూ వేలాడే తోలుపట్టీలు ఏవీ లేవు. ఆ గుండుని ముందు పెట్టుకుని ఏడుస్తూ తాగుతున్నారు, తాగుతూ అబద్ధం ఆడుతున్నారు. మనిషి జాతి మీదే అసహ్యం వేసింది. తన మీద ఇంకా ఎక్కువ. కళ్ళతో బతికేవాడు కళ్ళతో చూసింది చెప్పలేకపోయాడు. ఇంతకీ చూశాడా? లేక ఒషిగే మీద జాలితో చూసినట్టు అనుకుంటున్నాడా? కళ్ళు మూసుకుంటే రికిచి కనిపిస్తాడు, మంట ముందు నల్లగా, తల నుంచి మోకాళ్ళ దాకా. మోకాళ్ళ కింద పొగ. పొగ, పొగ, అంతే.

మెట్లు కిర్రుమన్నాయి. మాన్కిచి తల ముందు వచ్చింది, తర్వాత పొట్ట, తర్వాత ఆయాసం. కాగితం వంక చూసి, "ఇదేమిటి, ఇంకా ఆకాశమేనా?" అని పక్కన చతికిలబడ్డాడు. వాడి బట్టల్లో వేపిన చేప వాసన.

"ఇసెమోన్ గారి మనిషి చెప్పింది గుర్తుందిగా? టోఫు కొట్లోంచి మంట భగ్గున లేవాలి. జెండావాడు అదేదో గొడుగుల కప్పు మీద ఉండాలన్నాడు గాని..." చెయ్యి తీసుకెళ్ళి కాగితం అంచు మీద కొట్టాడు. "ఆ మూల ఎవడు చూస్తాడండీ? చచ్చినవాడు నడిమధ్యలో ఉండాలి. మంట మీద, సరిగ్గా మంట నడినెత్తి మీద! టోఫు కొట్టు కప్పెక్కించండి. నాలుగు వైపులా నిప్పు, మధ్యలో ఒక్క మొగాడు! చూసినవాడికి ఒళ్ళు జలదరించాలి. ఆ, కోటు తిరగేసి వేయండి, లోపల మీరేసిన డ్రాగన్ కనపడుతుంది, ఎరుపు మీద ఆకుపచ్చ భలేగా ఉంటుంది."

ఓరి పరాయి ఊరి ఒసాకా మొద్దూ, అని నాలుక చివరిదాకా వచ్చింది. నిప్పు పుట్టిన ఇంటి మీదికి జెండా ఎక్కించమంటాడు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా చావులు అమ్ముకుని తింటూ ఆ మాత్రం తెలియదు. చూసిన ప్రతి వెధవా నవ్వుతాడు, అదెలాగయ్యా అంటాడు, అయితే నిప్పు టోఫు కొట్లో పుట్టలేదన్నమాట అని... తోకుజో తెరిచిన నోరు అలాగే మూసేశాడు. కుంపటిలో బొగ్గు చిటపటమంది. అడిగింది వాడే. నడినెత్తి మీద నిలబెట్టమంది వాడే.

"కోటు మాత్రం తిరగెయ్యను" అన్నాడు.

"అదేం?"

"మంట ఆరిపోయాక, గెలిచి కిందికి దిగాక తిరగేస్తారు. వాడు దిగలేదు."

"మీ చాదస్తం మీది. సరే, మిగతాది నేను చెప్పినట్టే కానివ్వండి" అని మాన్కిచి మళ్ళీ టీ దగ్గరికి దిగిపోయాడు.

ఆ డ్రాగన్ ఈ గదిలోనే వేశాడు, వేసవిలో, కోటు నేల మీద పరిచి. రికిచి గోడకి ఆనుకుని కూర్చుని, చొక్కా విప్పేసి, విసనకర్రతో ఒకసారి తనకి ఒకసారి బొమ్మకి విసురుతూ. "తోకుజో అన్నా, ఇది పాము కాదు కదా? మీసాలు పెట్టన్నా, లేకపోతే మావాళ్ళు వానపాము రికిచి అంటారు." మీసాలు పెట్టాడు. ఇంకా పొడుగు, ఇంకా పొడుగు అని చంక దాకా పెట్టించుకున్నాడు. ఒక్కసారి కూడా తిరగేసుకోలేదు ఆ కోటుని. ఇప్పుడు వాణ్ణి మంట మీద నిలబెట్టాలి, ఒషిగే కప్పు మీద, ఎందుకంటే ఒక చేపల కంపుగాడికి ఒళ్ళు జలదరించాలి గనక. అది నిజమైతే? కాకపోతే? మాన్కిచి చెప్పాడని ఒషిగే కప్పు మీద వేస్తే అదీ అబద్ధమే, ఇసెమోన్ గొడుగుల కప్పు ఎంతో ఇదీ అంతే. అబద్ధానికి మంచి బుద్ధి ఉన్నంత మాత్రాన కంపు పోతుందా? ఎక్కడ నిలబడ్డావురా రికిచీ?

ముందు పాదాలు వెయ్యరా, అనేవాడు తనకి కుంచె పట్టడం నేర్పిన ముసలాయన. ఎక్కడ నిలబడ్డాడో తెలియని మనిషి మొహం వెయ్యకు, వాడు గాల్లో తేలుతాడు. పొట్టి మనిషి, నోట్లో పళ్ళు లేవు, అబద్ధం గీత కనిపిస్తే కర్రతో వేళ్ళ మీద కొట్టేవాడు. తోకుజో ఎరుపు కుంచె పక్కన పెట్టి నల్ల కుంచె ముంచాడు. కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే పొగ. కాగితం వంకే చూస్తూ పాదాలు మొదలెట్టాడు. తడిసిన గడ్డిచెప్పులు, మడమ దగ్గర తాడు ముడి. ఎడమ పాదం ముందుకి, కుడిది కాస్త వెనక్కి, గాలికి ఆనుకుని. వేళ్ళ కింద చెక్కపలక అంచు. పలకలు ఎగిరిపోకుండా పెట్టిన రాయి ఒకటి. దాని కింద చూరు. చూరు కింద... చెయ్యి ఆగలేదు. ఒక పొడుగాటి అడ్డగీత గీసింది, వెదురుబొంగు. బొంగు మీంచి కిందికి ఒక పలక, ఇంకో పలక, ఇంకోటి, నలుచదరంగా, అట్టముక్కల్లా, ముడత లేకుండా. ఇదేమిటి, జెండాలా? వీధిలో తోరణాలు కట్టే రోజులు కావే. చెయ్యి మాత్రం తెలిసినట్టే గీసుకుపోతోంది. బిర్రుగా, గాలికి రెపరెపలాడకుండా, బొంగుతో పాటే మొత్తంగా ఊగుతూ. ఎందుకు రెపరెపలాడవు? గుడ్డలైతే రెపరెపలాడాలి కదా. గడ్డకట్టిపోయిన గుడ్డలు. రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి చలికి చెక్కలై... అంటుకున్నాయి, అవును, ఒకదాని తర్వాత ఒకటి, అడితి వైపు కొసనున్నది ముందు. అంటుకునే ముందు దాని అంచు నుంచి నీటిబొట్లు కారాయి. అది చూశాను. రికిచి పాదాల కింద చూశాను. ఇంత అందమైన సంగతి రేపు వెయ్యాలి అనుకున్నాను, అనుకుని, ఆ సిగ్గుకి తుడిచేసుకున్నాను.

కుంచె కాగితం మీదే నిలిచిపోయి నల్లటి చుక్క పెద్దదైంది. టోఫు వడకట్టే గుడ్డలు. గొడుగులవాడి చూరు కింద అవి ఉండవు. ఒషిగే చూరు కింద తప్ప ఈ వీధిలో ఎక్కడా ఉండవు. పని మొదలెట్టేటప్పుడు మొదట చేసేది వాటిని లోపలికి తీసుకెళ్ళి వేణ్ణీళ్ళలో వెయ్యడం. "ముందు గుడ్డలు, తర్వాతే పొయ్యి, చేతులు కొంకర్లు పోతాయన్నగారూ" అని ఆమే చెప్పింది, నవ్వుతూ, ముడతలుపడ్డ వేళ్ళు చూపించి. గుడ్డలు బయట ఉన్నాయి. బిగుసుకుని ఉన్నాయి. ఆమె పొయ్యిలో ఇంకా పుల్ల కూడా వెలగలేదు.

గబగబా వేశాడు. మోకాళ్ళు, నడుము, మొహం చివర్న, నోరు తెరిచి ఏదో అరుస్తున్న మొహం. జెండా తోలుపట్టీలు వంతెన వైపు కొట్టుకుంటూ. దుకాణం గుమ్మం మీద టోఫు గుర్తు స్పష్టంగా. మంట కావాలన్నాడుగా, వేశాడు, కొట్టు పక్క నుంచి, వెనక నుంచి, ఎరుపు మీద ఎరుపు, చెయ్యి తిరిగినవాడు ఎలా వేస్తాడో అలాగే వేశాడు. మూల గంజి డేగిసా కూడా పెట్టాడు. బొమ్మ అద్భుతంగా వచ్చింది. అదే అన్నిటికన్నా రోతగా ఉంది. మనిషి కాలి చచ్చిన చోటు ఇంత బాగుండకూడదు. గంట మోగింది.

మాన్కిచి పైకొచ్చి కాగితం రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "అబ్బబ్బబ్బ! ఇదీ మంటంటే!" మొహం దగ్గరికి తెచ్చుకుని, "ఈ తెల్లగా ఉన్నవేమిటి కప్పు కింద?" అన్నాడు.

తోకుజో కుంచె కడగడం మొదలెట్టాడు. "ఎరుపు పక్కన కాస్త తెలుపు ఉంటేనే ఎరుపు లేస్తుంది" అన్నాడు.

"అదీ పనితనమంటే! ఉండనివ్వండి, ఉండనివ్వండి."

అప్పుడే ఒనామి పులుసు గిన్నెతో వచ్చింది. తోకుజో భార్య ఈ వీధిలోనే పుట్టింది, కాలవ నీళ్ళు తాగి పెరిగింది, నోట్లో నువ్వుగింజ నానదు. మాన్కిచి భుజం మీంచి తొంగి చూసింది. చూపు ముందు మంట మీద పడింది, తర్వాత రికిచి మీద, తర్వాత జారి చూరు కిందికి వచ్చి ఆగింది. గిన్నెలో పులుసు తొణికింది.

"అయ్యో దేవుడా, ఇవి ఒషిగే గుడ్..."

తోకుజో ఆమె మొహంలోకి చూశాడు. ఒనామి పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి సగం మాట మింగేసింది.

"ఏమన్నావమ్మా?" అన్నాడు మాన్కిచి.

"ఏం లేదండీ. పాపం రికిచి. అచ్చు నిలబడినట్టే ఉన్నాడు" అంది, కళ్ళు దించుకుని.

మాన్కిచి కాగితం చుట్టి చంకలో పెట్టుకుని దడదడ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వీధి మలుపులో అతని చెక్కచెప్పుల చప్పుడు అణిగేదాకా ఇద్దరూ కదల్లేదు.

"గుడ్డలు బయటే ఉన్నాయి" అంది ఒనామి మెల్లగా. "జెండా ఆవిడ కప్పు మీదే ఉంది. మీరు నిజంగా చూశారా, ఏవండీ?"

"చూశాను."

"ఒట్టు?"

"ఒట్టు. ఇప్పుడైతే ఎవడి ముందైనా వేస్తాను."

"మీ ఒట్టెవడిక్కావాలి, నవ్వుతారు. టోఫు గుడ్డలు ఎప్పుడు బయట ఉంటాయో, ఎప్పుడు లోపలికి వెళతాయో ఈ వాడలో ప్రతి ఆడదానికీ తెలుసు. అయితే పటం కొన్నవాళ్ళు మంట చూస్తారు గాని చూరు కింద ఎవరు చూస్తారు? ఎవరో ఒకరు చూపించాలి."

"పటం బయటికొచ్చేదాకా ఊపిరి కూడా తియ్యకు. ఇసెమోన్ చెవిన పడిందా, పలకలు పొయ్యిలోకి పోతాయి."

"తియ్యను" అంది. తియ్యలేదు కూడా. మధ్యాహ్నమంతా మొహం ఉబ్బించుకుని, బియ్యంలో రాళ్ళు ఏరి, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది. తోకుజో గోళ్ళలో సిందూరం గీక్కుంటూ కూర్చున్నాడు. కొన్నవాళ్ళు ఎరుపే చూస్తారు, అబ్బ అంటారు, బీన్సు నములుతారు, పటాన్ని గోడకి అంటించి పడుకుంటారు. పులుసు చల్లారి మీద తెట్టు కట్టింది.

పొద్దు వాలుతుండగా వంతెన వైపు నుంచి కేక వినిపించింది. "మంట! కాలవ వీధి మంట! మంటల్లో రికిచి! చూడండి, చూడండి!" వెంటనే పరుగులు, తలుపులు తీసిన చప్పుళ్ళు. ఒనామి లేచింది. వంటింటి మూల నీళ్ళ బాల్చీ అంచుల దాకా నిండుగా ఉంది, ఇందాకే తెచ్చింది. దాన్ని రెండు చేతులా ఎత్తి గుమ్మం బయటికి తీసుకెళ్ళి, ఒక్కసారిగా కాలవలోకి గుమ్మరించింది. ఖాళీ బాల్చీ చంకన పెట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వాడలో ఆడవాళ్ళంతా చేరే బావి వైపు చకచకా నడిచింది.